ఇఫ్ ఐ వర్ యూ: ఇంగ్లిష్ షరతు వాక్యాల్లో పాస్ట్ టెన్స్ ఎప్పుడు, ఎలా వాడాలి

వైజాగ్‌లో మధురవాడ ఐటీ హిల్ మీద ఇంటర్వ్యూకి వెళ్ళారనుకోండి. హెచ్‌ఆర్ మేడమ్ మిమ్మల్ని “వాట్ వుడ్ యూ డూ ఇఫ్ యువర్ టీమ్ లీడ్ మేడ్ ఎ మిస్టేక్?” అని అడుగుతుంది. ‘మేడ్’ వినగానే తప్పు ఎప్పుడో జరిగిపోయిందని అనిపిస్తుంది. దాంతో కొందరు పాత ఆఫీసులో జరిగిన కథ మొదలుపెడతారు, ఇంకొందరు “ఐ విల్ టెల్ హిమ్” అని తేల్చేస్తారు. ఆవిడ అడిగింది ఈ రెండూ కాదు. జరగని ఒక సంగతిని ఊహించుకుని చెప్పమంది. దానికి జవాబు “ఐ వుడ్” తో మొదలవ్వాలి.

ఇంగ్లిష్ షరతు వాక్యాల్లో పాస్ట్ టెన్స్‌కి చాలాసార్లు కాలంతో సంబంధం ఉండదు. ఈ మాట నిజం కాదు, ఊరికే అనుకుంటున్నాం అని చెప్పడానికి అది గుర్తు. జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ కండిషనల్ అంటూ కోచింగ్‌లో ఇచ్చే నాలుగు ఫార్ములాలు తప్పేమీ కావు. కానీ మాట్లాడే హడావిడిలో ఇది సెకండా థర్డా అని ఎవరూ లెక్కపెట్టుకోలేరు. అందుకే ఇక్కడ ఆ నంబర్లు వదిలేస్తున్నాను. ఇంగ్లిష్ వాక్యాలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి కాబట్టి పైకి చదవండి, చెవికి అలవాటవుతుంది.

ముందు: ఇది నిజానికి ఎంత దూరం?

వాక్యం మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, మీరు చెప్పబోయేది ఈ మూడింట్లో ఏదో చూసుకోండి. జరగొచ్చు. ఇప్పుడు అలా లేదు, ఊహ మాత్రమే. అప్పుడు అలా జరగలేదు, ఇక మార్చలేం.

జరగొచ్చు అనుకుంటే ఇఫ్ పక్కన మామూలు ప్రెజెంట్ టెన్స్, రెండో ముక్కలో విల్. “ఇఫ్ ఇట్ రెయిన్స్, వీ విల్ స్టే హోమ్.” వర్షం రావచ్చు, రాకపోవచ్చు.

ఇప్పుడు అలా లేకపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్ళండి. ప్రెజెంట్ బదులు పాస్ట్, విల్ బదులు వుడ్. “ఇఫ్ ఐ హ్యాడ్ ఎ కార్, ఐ వుడ్ డ్రైవ్ టు అరకు.” కారు లేదు. నిన్న ఉండి ఇవాళ పోయిందని కాదు, అసలు లేదు.

అప్పుడు జరగకపోతే ఇంకో మెట్టు వెనక్కి. పాస్ట్ బదులు పాస్ట్ పర్ఫెక్ట్ (హ్యాడ్, దాని పక్కన క్రియ మూడో రూపం), వుడ్ బదులు వుడ్ హ్యావ్. “ఇఫ్ వీ హ్యాడ్ స్టార్టెడ్ అర్లీ, వీ వుడ్ హ్యావ్ కాట్ ద కిరండూల్ ట్రెయిన్.” ఆలస్యంగా బయల్దేరాం, రైలు వెళ్ళిపోయింది.

ఎప్పుడూ నిజమయ్యే విషయాలకు మెట్లతో పనే లేదు, రెండు పక్కలా ప్రెజెంట్ వాడితే చాలు. సింహాచలం అప్పన్న నిజరూపం చందనోత్సవం రోజున, అంటే అక్షయ తృతీయ నాడే కనిపిస్తుంది కదా. “ఇఫ్ యూ వాంట్ టు సీ ద నిజరూపం, యూ హ్యావ్ టు కమ్ ఆన్ అక్షయ తృతీయ.” ఇక్కడ విల్ అక్కర్లేదు.

ఆ తర్వాత: మీ తెలుగు వాక్యం తోక పట్టుకోండి

బళ్ళో మనం చదివిన చేదర్థకం గుర్తుందా? ‘వానలు కురిస్తే పంటలు పండుతాయి’ లాంటి వాక్యం. తెలుగులో ఆ ‘-తే’ అన్ని పనులకూ సరిపోతుంది. ‘టైముంటే వెళ్తాను’, ‘టైముంటే వెళ్ళేవాణ్ణి’ రెండింట్లోనూ మొదటి ముక్క ఒక్కటే. అందుకే ఇఫ్ పక్కన క్రియ మార్చాలన్న ఆలోచన మనకు త్వరగా రాదు. మన భాషలో తేడా అంతా చివర్లో ఉంటుంది.

కాబట్టి చివర్నే చూడండి. వాక్యం ‘-ఏవాణ్ణి, -ఏదాన్ని, -ఏవాళ్ళం, -ఏది’ తో ముగిస్తే ఇంగ్లిష్‌లో వుడ్ వస్తుంది. ‘డబ్బులుంటే ఎంవీపీ కాలనీలో ఫ్లాట్ కొనేవాణ్ణి’ అన్నారంటే డబ్బుల్లేవని ఎవరికైనా తెలిసిపోతుంది. పెద్దవాళ్ళు ‘నా దగ్గరుంటే ఇద్దును కదా నాన్నా’ అంటారే, ఆ ‘ఇద్దును’ కూడా ఇదే కోవలోది.

ఇంకో తమాషా చూడండి. ‘చిన్నప్పుడు ఆదివారం ఆదివారం బీచ్‌కి వెళ్ళేవాణ్ణి’ అన్నప్పుడూ ఇదే రూపం వాడతాం. అక్కడ ఊహ లేదు, పాత అలవాటు. ఇంగ్లిష్ వాళ్ళూ ఈ రెండు పనులకూ వుడ్‌నే వాడతారు: “వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్, ఐ వుడ్ గో టు ద బీచ్ ఎవ్రీ సండే.” చుట్టరికం లేని రెండు భాషలు ఈ ఒక్క చోట ఇలా కలవడం మనకు కలిసొచ్చింది. షరతు వాక్యం చివర ‘-ఏవాణ్ణి’ కనబడితే వుడ్ అని పెట్టొచ్చు.

అయితే అది ఇప్పటి సంగతా, అప్పటి సంగతా అన్నది ఈ తోక చెప్పదు. ‘డబ్బులుంటే కొనేవాణ్ణి’ ఇవాళ్టికీ పనికొస్తుంది, పదేళ్ళ కిందటికీ పనికొస్తుంది. ఇంగ్లిష్‌లో తేల్చి చెప్పాలి. ఇప్పుడైతే “ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్.” అప్పుడైతే “ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ మనీ, ఐ వుడ్ హ్యావ్ బాట్ ఇట్.” రెండు హ్యాడ్‌లు పక్కపక్కన వచ్చాయని కంగారు పడకండి, అది అచ్చు తప్పు కాదు. మొదటిది సాయం చేసేది, రెండోది ‘ఉండటం’. తెలుగులో మీరు ‘ఉండి ఉంటే, చెప్పి ఉంటే, వచ్చుంటే’ అన్నారంటే అది దాదాపు ఎప్పుడూ ఆ సాయం చేసే హ్యాడ్ ఉన్న వాక్యమే.

ఈ పరీక్ష ఒక వైపే పనిచేస్తుంది, అది గుర్తుంచుకోండి. షరతు తర్వాత ‘-ఏవాణ్ణి’ అంటే వుడ్ ఖాయం. కానీ ‘-తాను’ ఉన్నంత మాత్రాన విల్ ఖాయం కాదు. ‘లాటరీ తగిలితే ముందు అప్పులు తీరుస్తాను’ అంటాం. లాటరీ టికెట్ కూడా కొనని మనిషి ఈ మాటను ఇంగ్లిష్‌లో చెప్పాలంటే “ఇఫ్ ఐ వన్ ద లాటరీ, ఐ వుడ్ క్లియర్ మై లోన్స్ ఫస్ట్” అనాలి. ‘నీ స్థానంలో నేనుంటే ఆ ఉద్యోగం వదలను’ కూడా అంతే. తెలుగు తోక విల్ అంటున్నా సంగతి ఊహే. అలాంటప్పుడు మళ్ళీ మొదటి ప్రశ్నకే వెళ్ళాలి: నిజానికి ఎంత దూరం?

వచ్చాడంటే, పడిందనుకో: ఇక్కడే అందరూ జారేది

‘వాడు వచ్చాడంటే మన పని అయిపోయినట్టే.’ ‘రేపు వర్షం పడిందనుకో, మ్యాచ్ ఆగిపోతుంది.’ ఈ వాక్యాల్లో ‘వచ్చాడు’, ‘పడింది’ భూతకాలమే. కానీ అర్థం రేపటిది, పైగా గట్టిగా జరిగేలా ఉన్నది. తెలుగులో షరతుకు భూతకాలం తగిలిస్తే సంగతి కళ్ళ ముందుకు వస్తుంది. ఇంగ్లిష్‌లో అదే భూతకాలం సంగతిని దూరం నెట్టేస్తుంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. మీ మేనేజర్‌తో “ఇఫ్ ద క్లయింట్ కేమ్ టుమారో, వీ వుడ్ షో ద డెమో” అన్నారు. మీ మనసులో క్లయింట్ దాదాపు వచ్చేసినట్టే. వినేవాడికి మాత్రం ‘రాడులే, ఒకవేళ వస్తే’ అన్నట్టు వినబడుతుంది. నిజంగా వచ్చే అవకాశం ఉంటే “ఇఫ్ ద క్లయింట్ కమ్స్ టుమారో, వీ విల్ షో ద డెమో” అనండి. ‘అంటే’ ని అలాగే దించేసి “హి కేమ్ మీన్స్ వీ ఆర్ ఫినిష్డ్” అనడం మన ఊళ్ళో స్నేహితుల మధ్య చెల్లిపోతుంది, ఇంటర్వ్యూలో చెల్లదు.

ఇఫ్ పక్కన విల్, వుడ్ పెట్టకండి

“ఇఫ్ ఐ విల్ గెట్ లీవ్”, “ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్” రెండూ ఒకే అలవాటు వల్ల వచ్చేవి. ఇఫ్ ఉన్న ముక్కలో షరతు మాత్రమే ఉండాలి. విల్, వుడ్ ఫలితం ఉన్న ముక్కలోకి వెళ్ళాలి. కాబట్టి “ఇఫ్ ఐ గెట్ లీవ్, ఐ విల్ కమ్.” “ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్.” అమెరికన్ల మాటల్లో “ఇఫ్ ఐ వుడ్ హ్యావ్” అప్పుడప్పుడు వినబడుతుంది. వినండి, రాతలో మాత్రం వాడకండి.

మర్యాదగా అడిగేటప్పుడు దీనికి మినహాయింపు ఉంది. “ఇఫ్ యూ వుడ్ వెయిట్ ఎ మినిట్, ఐ విల్ కాల్ హిమ్” అని రిసెప్షన్‌లో అంటారు. అక్కడ వుడ్ అంటే ‘దయచేసి ఆగగలిగితే’ అని.

వినేటప్పుడు ఒక చిక్కు ఉంది. మాట్లాడేవాళ్ళు హ్యాడ్‌నీ వుడ్‌నీ రెండింటినీ కుదించి “ఐడ్” అనేస్తారు. “ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హ్యావ్ కమ్” లో మొదటి ఐడ్ హ్యాడ్, రెండోది వుడ్. తర్వాత మాట చూడండి: ‘నోన్, గాన్, సీన్’ లాంటి మూడో రూపం వస్తే అది హ్యాడ్, ‘గో, సీ, హ్యావ్’ లాంటి మొదటి రూపం వస్తే వుడ్.

‘కాకపోతే, రాకపోతే’ కి అన్‌లెస్ వాడేటప్పుడు మళ్ళీ నాట్ పెట్టకండి. అన్‌లెస్‌లోనే ‘కాకపోతే’ ఉంది. “అన్‌లెస్ యూ హర్రీ, యూ విల్ మిస్ ద బస్.” అంతే.

వాజ్ కాదు, వర్ ఎందుకు?

“ఐ వాజ్, హి వాజ్” అని బళ్ళో బెత్తం దెబ్బలతో నేర్చుకున్న మనకు “ఇఫ్ ఐ వర్ యూ” వినగానే ఎక్కడో తప్పు జరిగిందనిపిస్తుంది. ఇది సబ్జంక్టివ్. పాత ఇంగ్లిష్‌లో ఊహకూ కోరికకూ క్రియలకు వేరే రూపాలుండేవి. కాలక్రమంలో అవి మామూలు పాస్ట్ టెన్స్ రూపాల్లో కలిసిపోయాయి. బి అనే క్రియ దగ్గర మాత్రం ఐ, హి, షి, ఇట్ పక్కన ‘వర్’ ఇంకా విడిగా కనిపిస్తుంది. షరతు వాక్యాల్లో పాస్ట్ టెన్స్ కాలాన్ని చెప్పదన్నదానికి మిగిలిన సాక్ష్యం ఇదే.

ఎప్పుడు ఏది వాడాలన్నదానికి నా సలహా ఇది. పరీక్షల్లో, ఈమెయిల్స్‌లో, ఇంటర్వ్యూల్లో ఊహకు వర్ వాడండి: “ఇఫ్ షి వర్ హియర్”, “ఇఫ్ ద రోడ్ వర్ వైడర్”. మామూలు మాటల్లో “ఇఫ్ షి వాజ్ హియర్” అన్నా ఎవరూ ఏమీ అనుకోరు, ఇంగ్లండ్‌లోనూ చాలామంది అలాగే అంటారు. సలహా ఇచ్చే “ఇఫ్ ఐ వర్ యూ” ని మాత్రం ఎప్పుడూ అలాగే ఉంచండి. “ఇఫ్ ఐ వాజ్ యూ” చాలామంది చెవికి గుచ్చుకుంటుంది.

వర్ నేర్చుకున్న ఉత్సాహంలో దాన్ని ప్రతి ఇఫ్ పక్కనా తగిలించకండి, అది ఇంకో తప్పు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే మావయ్యకు మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎత్తలేదనుకోండి. “ఇఫ్ హి వాజ్ ఆన్ నైట్ షిఫ్ట్ యెస్టర్‌డే, హి మస్ట్ బి స్లీపింగ్ నౌ.” ఆయన నిన్న నైట్ షిఫ్ట్‌కి వెళ్ళి ఉండొచ్చు, మనకు తెలియదంతే. ఇది ఊహ కాదు, జరిగి ఉండగల నిన్నటి సంగతి. అందుకే వాజ్. “ఇఫ్ ఐ వాజ్ రూడ్, ఐ యామ్ సారీ” కూడా ఇలాంటిదే. ఇక్కడ పాస్ట్ టెన్స్ నిజంగా గతాన్నే చెబుతోంది. తేడా పట్టుకోవాలంటే ‘అది నిజమై ఉండొచ్చా?’ అని అడగండి. ఉండొచ్చంటే వాజ్.

జరిగిపోయినవాటి గురించి

హ్యాడ్, వుడ్ హ్యావ్ సాధన చెయ్యడానికి వైజాగ్‌లో సామగ్రికి కొదవలేదు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, ఆదివారం మధ్యాహ్నం పూట మన తీరాన్ని దాటింది. అదే అర్ధరాత్రి వచ్చి ఉంటేనా అని ఇప్పటికీ అనుకునేవాళ్ళున్నారు. “ఇఫ్ హుద్‌హుద్ హ్యాడ్ స్ట్రక్ ఎట్ మిడ్‌నైట్, మోర్ పీపుల్ మైట్ హ్యావ్ డైడ్.” ఇక్కడ వుడ్ బదులు మైట్ ఎందుకంటే, ఎక్కువమంది పోయేవాళ్ళని మనం ఖాయంగా చెప్పలేం. ఖాయమైతే వుడ్ హ్యావ్, కావచ్చేమో అంటే మైట్ హ్యావ్, అవకాశం ఉండేది అంటే కుడ్ హ్యావ్.

ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర నిలబడితే ఇంకో వాక్యం దొరుకుతుంది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. డిసెంబరు 3-4 మధ్య రాత్రి ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. “ఇఫ్ విక్రాంత్ హ్యాడ్ బీన్ ఇన్ వైజాగ్ దట్ నైట్, ద స్టోరీ మైట్ హ్యావ్ బీన్ డిఫరెంట్.” చరిత్ర గురించి మాట్లాడేటప్పుడు హ్యాడ్ బీన్ చాలాసార్లు కావాలి, ఈ వాక్యాన్ని నోటికి పట్టించుకోండి.

కారణం అప్పటిది, ఫలితం ఇప్పటిది అయితే? దీనికి మన ఊరి బాబాయిల మాటే చక్కటి ఉదాహరణ: ‘అప్పట్లో మధురవాడలో రెండొందల గజాల స్థలం కొని ఉంటే ఇవాళ కాలు మీద కాలేసుకుని కూర్చునేవాణ్ణి.’ కొనకపోవడం అప్పుడు, కూర్చోలేకపోవడం ఇప్పుడు. కాబట్టి రెండు మెట్లు కలపాలి: “ఇఫ్ ఐ హ్యాడ్ బాట్ ఎ సైట్ ఇన్ మధురవాడ దెన్, ఐ వుడ్ బి ఎ రిచ్ మ్యాన్ నౌ.” రెండో ముక్కలో వుడ్ హ్యావ్ బీన్ అంటే ఆ డబ్బు కూడా గతంలోకే పోతుంది. ‘నౌ’ ఉంటే వుడ్ బి సరిపోతుంది.

ఇఫ్ లేకుండా, విష్‌తో, సజెస్ట్‌తో

ఆఫీసు ఉత్తరాల్లో ఇఫ్ తీసేసి క్రియను ముందుకు తెస్తుంటారు. “హ్యాడ్ ఐ నోన్, ఐ వుడ్ హ్యావ్ ఇన్‌ఫార్మ్‌డ్ యూ.” “షుడ్ యూ నీడ్ ఎనీ డాక్యుమెంట్, ప్లీజ్ లెట్ మి నో.” చదివినప్పుడు అర్థమైతే చాలు. “వర్ ఐ యూ” లాంటివి మాటల్లో వాడితే పాత నాటకంలా ఉంటుంది.

విష్‌ది కూడా ఇదే మెట్ల లెక్క. హైదరాబాద్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కుని “ఐ విష్ ఐ వర్ ఇన్ వైజాగ్” అంటే ఇప్పుడు అక్కడ లేను అని. “ఐ విష్ ఐ హ్యాడ్ నాట్ లెఫ్ట్ వైజాగ్” అంటే వదిలి వచ్చేశాను అని. జరిగే అవకాశం ఉన్నదానికి విష్ వాడకండి, హోప్ వాడండి: “ఐ హోప్ యూ గెట్ ద జాబ్.”

సజెస్ట్, ఇన్సిస్ట్, రికమెండ్ తర్వాత ఇంకో రకం సబ్జంక్టివ్ వస్తుంది. క్రియ మొదటి రూపంలోనే ఉంటుంది, హి, షి పక్కన కూడా చివర ఎస్ రాదు. “హి సజెస్టెడ్ మి టు గో” అనడం మన దగ్గర బాగా పాతుకుపోయింది. సరైనది “హి సజెస్టెడ్ దట్ ఐ గో.” ఇన్సిస్ట్ దగ్గర ఒక్క రూపం మారితే అర్థమే తిరగబడుతుంది. “ద డాక్టర్ ఇన్సిస్టెడ్ దట్ షి స్టే ఇన్ ద హాస్పిటల్” అంటే ఉండి తీరాలన్నాడు. “ఇన్సిస్టెడ్ దట్ షి స్టేయ్డ్ ఇన్ ద హాస్పిటల్” అంటే ఆవిడ ఉందని వాదించాడు. ఇన్సూరెన్స్ కాగితాల్లో ఈ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు మీ వంతు

ఒక రోజంతా ఇంట్లోనూ బస్సులోనూ మీ చుట్టుపక్కల వినిపించే ‘-తే’ వాక్యాలు పట్టుకోండి. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గాజువాక వెళ్ళేలోపు కావలసినన్ని దొరుకుతాయి. ఒక్కోదాన్నీ ముందు నిజానికి ఎంత దూరమో చూసి, తర్వాత తోక చూసి, ఇంగ్లిష్‌లో పైకి అనండి. ఫోన్‌లో రికార్డు చేసుకుంటే ఇఫ్ పక్కన విల్ ఎక్కడ దూరిందో మీకే వినబడుతుంది. మొదలుపెట్టడానికి నాలుగు ఇస్తున్నాను. జవాబు చూడకముందు మీరు చెప్పండి.

‘సిటీ బస్సు రాకపోతే ఆటోలో వస్తాను.’ బస్సు రాకపోవచ్చు, నిజంగానే. “ఇఫ్ ద బస్ డజ్ నాట్ కమ్, ఐ విల్ టేక్ ఏన్ ఆటో.”

‘నాకు ఈత వస్తే రిషికొండలో సర్ఫింగ్ నేర్చుకునేదాన్ని.’ ఈత రాదు. “ఇఫ్ ఐ కుడ్ స్విమ్, ఐ వుడ్ లెర్న్ సర్ఫింగ్ ఎట్ రిషికొండ.” క్యాన్ కూడా ఒక మెట్టు వెనక్కి వెళ్ళి కుడ్ అయింది, గమనించారా?

‘నువ్వు ముందే చెప్పుంటే టికెట్ బుక్ చేసేవాళ్ళం.’ చెప్పలేదు. “ఇఫ్ యూ హ్యాడ్ టోల్డ్ అస్ అర్లియర్, వీ వుడ్ హ్యావ్ బుక్డ్ ద టికెట్.”

‘నాన్న ఉంటే ఒప్పుకునేవారు కాదు.’ దీనికి జవాబు ఒక్కటి కాదు. నాన్న ఆ రోజు ఊళ్ళో లేకపోతే “ఇఫ్ నాన్న హ్యాడ్ బీన్ హియర్, హి వుడ్ నాట్ హ్యావ్ అగ్రీడ్.” ఇప్పుడు ఇక్కడ లేకపోతే “ఇఫ్ నాన్న వర్ హియర్, హి వుడ్ నాట్ అగ్రీ.” ఆ తెలుగు వాక్యం ఏ సందర్భంలో అన్నారో తెలిస్తే తప్ప ఏది సరైనదో చెప్పలేం.